మడిచే ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్: హైదరాబాద్‌లో నడపడం, ఎత్తడం, వెంట తీసుకెళ్లడం ఎలా

మా అమ్మకి ఎడమ వైపు బలం తక్కువ, అందుకని మడిచే ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ వాడుతున్నం, క్యాబుల్లో, మెట్రోలో, విమానంలో అన్నిట్లో తిప్పినం. కొందాం అనుకునేవాళ్లు ఎప్పుడూ అడిగేది స్పీడ్ ఎంత, ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు పోతది అని. అది డబ్బా మీదే రాసి ఉంటది. అసలు కష్టమంతా కుర్చీని మడిచి, ఎత్తి, ఇంకోదాంట్లో పెట్టి, దిగినాక మళ్లీ విప్పే ఆ నాలుగైదు నిమిషాల్లో ఉంటది. అక్కడ ఒక్కసారి తేడా కొట్టిందంటే ఇంట్లోవాళ్లకి భయం పట్టుకుంటది, ఇంక కుర్చీ హాలు దాటదు, కూర్చునే మనిషీ హాలు దాటరు. నాకు బాధ అనిపించేది అదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్న.

ముందే ఒక మాట. కింద రాసినవన్నీ కుర్చీలో కూర్చునే మనిషికి నేర్పండి. చేతులతో చేయలేకపోయినా పర్వాలేదు, నోటితో చెప్పగలగాలి. ఎందుకంటే క్యాబ్ డ్రైవర్ రోజూ మారతడు, వాచ్‌మన్ మారతడు, మెట్రోలో సెక్యూరిటీ మారతరు, మీరు కూడా అన్నిసార్లూ పక్కన ఉండరు. ఎప్పుడూ ఉండేది ఆ మనిషి ఒక్కరే. "అన్నా, ముందు ఎర్ర బటన్ నొక్కి బ్యాటరీ తీయండి, తర్వాత కింద పైపు పట్టుకొని ఎత్తండి, చేతులు పెట్టుకునే దాన్ని పట్టుకోకండి" అని తనే చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

కొనే ముందు టేపు పట్టుకోండి

ఇంట్లో ప్రతి తలుపూ కొలవండి, తలుపు రెక్కని కాదు, తలుపు తీసినాక మధ్యలో మిగిలే ఖాళీని. ఈ కుర్చీలు ఎక్కువగా 60 నుంచి 65 సెంటీమీటర్ల వెడల్పు ఉంటయి, అంటే 24 నుంచి 26 అంగుళాలు. మెయిన్ డోర్‌తో, బెడ్రూంతో ఇబ్బంది రాదు, బాత్రూం దగ్గరే వస్తది, మన అపార్ట్‌మెంట్లలో బాత్రూం తలుపు చట్రం, గొళ్లెం పోను ఎంత మిగులుతదో కొలిస్తే గానీ తెలియదు. అట్లనే లిఫ్ట్. పాత బిల్డింగుల్లో జాలీ తలుపులు లాగే చిన్న లిఫ్ట్ ఉంటే తలుపు వెడల్పే కాదు, లోపలి లోతు కూడా చూడండి, ఫుట్‌రెస్ట్ మీద కాళ్లు పెట్టుకొని కూర్చున్నాక కుర్చీ పొడవు దగ్గర దగ్గర మూడున్నర అడుగులు అయితది.

తర్వాత బరువు. అల్యూమినియం వాటిల్లో మామూలుగా 25 కేజీల చుట్టుపక్కల ఉంటయి, ఇనుప ఫ్రేమువి 35 దాటతయి, కార్బన్ ఫైబర్‌వి 20 లోపే ఉంటయి గానీ రేటు బాగా ఎక్కువ. మీ ఇంట్లో దాన్ని ఎత్తే మనిషి ఎవరో ముందు అనుకోండి. 25 కేజీల బియ్యం బస్తా నడుము దాకా ఎత్తగలిగే మనిషి ఇంట్లో ఉన్నరా? లేకపోతే ఇంకా తేలికది తీసుకోవాలి, లేదంటే ప్రతిసారీ ఇద్దరు కావాలి. రేటు కోసం బరువు దగ్గర సర్దుకోకండి, రోజూ ఎత్తేది దాన్నే.

కోఠి సర్జికల్ షాపుల్లో చూసినా ఇంకెక్కడ చూసినా సరే, మీరు వాడే బండి తీసుకెళ్లండి. షాపు ముందు ఆపి, కుర్చీ మడిచి, మీ డిక్కీలో పెట్టి, డిక్కీ మూసి చూసినాకే డబ్బులు ఇవ్వండి. కూర్చునే మనిషిని తప్పకుండా తీసుకెళ్లండి. కుర్చీని నడిపే చిన్న కర్ర లాంటిది, అదే జాయ్‌స్టిక్, కుడి వైపు బిగించి ఇస్తరు, చాలా మోడల్స్‌లో ఎడమ వైపుకి మార్చొచ్చు, ఏ చెయ్యి బాగా పనిచేస్తదో చూసి అక్కడే మార్పించుకోండి, ఇంటికొచ్చినాక స్క్రూలు మనం విప్పుకుంటూ కూర్చోవడం ఎందుకు.

గడప సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పసుపు కుంకుమ పెట్టే గడపని కొట్టించడానికి ఎవరికీ మనసు రాదు, అవసరం కూడా లేదు, తీసి పెట్టుకునే ర్యాంప్ చాలు. లెక్క సింపుల్‌గా 1కి 12, అంటే రెండు అంగుళాల గడపకి రెండు అడుగుల ర్యాంప్, ఆరంగుళాల మెట్టుకి ఆరు అడుగులది. అంతకంటే పొట్టిగా పెడితే ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తయి. చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లోకి దిగే ర్యాంప్ కార్ల కోసం కట్టింది, అది దీనికంటే చాలా నిట్రం. దాని మీద ఒంటరిగా నడపకండి, వెనక ఒక మనిషి ఉండాలి.

మీటలు, బ్రేకు

కుర్చీలో మోటార్లు రెండు, ఒక్కో వెనక చక్రానికి ఒకటి. జాయ్‌స్టిక్ వదిలేస్తే కుర్చీ ఆగిపోతది, ఎందుకంటే మోటార్ల లోపల కరెంట్ బ్రేకులు ఉంటయి, కరెంట్ వస్తేనే వదులుతయి, పోగానే పట్టేసుకుంటయి. కాబట్టి పవర్ ఆఫ్ చేసిన కుర్చీ ఎటూ కదలదు. ఇది మంచి విషయం.

కానీ వెనక చక్రాల దగ్గర చిన్న మీటలు రెండు ఉంటయి, కొన్నిట్లో ఎర్రవి, కొన్నిట్లో పసుపువి. అవి తిప్పితే మోటార్ చక్రం నుంచి విడిపోతది, అప్పుడు మామూలు వీల్‌చెయిర్ లాగా నెట్టుకోవచ్చు. చార్జింగ్ అయిపోయినప్పుడు పనికొస్తది. ఆ మీటలు తిప్పినాక మోటార్ బ్రేకు ఉండదు, అస్సలు ఉండదు. ఏటవాలు మీద, మనిషి కూర్చొని ఉండగా ఆ మీటలు ముట్టుకోవద్దు. ఒక ఆస్పత్రి ర్యాంప్ మీద, సాయం చేద్దామనే మంచి మనసుతోనే, ఒకాయన వెనక నుంచి వచ్చి అమ్మ కుర్చీకి ఒక పక్క మీట తిప్పేసిండు, కుర్చీ ఒక్క వైపు జారి గోడ వైపు తిరిగిపోయింది, అమ్మ "చెయ్యి తీయండి, మీట పైకి అనండి" అని గట్టిగా అనడంతో ఆగింది. ఆ మాట ఆమెకి తెలియబట్టి సరిపోయింది. మీరు కూడా ఆ మీటల పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో స్టిక్కర్ వేయండి, "తిప్పితే బ్రేకు ఉండదు" అని. హిందీలో కూడా వేస్తే ఇంకా మంచిది.

నేర్చుకునేటప్పుడు స్పీడ్ ఒకటిలో పెట్టి సెల్లార్‌లో ఖాళీ చోట తిప్పండి. ముందుకి పోవడం అందరికీ వచ్చేస్తది. రివర్స్, ఇంకా సన్న సందులో ఉన్నచోటే తిరగడం, ఈ రెండూ బాగా రావాలి, లిఫ్ట్‌లో మెట్రోలో పనికొచ్చేవి అవే. జాయ్‌స్టిక్‌ని వేళ్లతో కాకుండా అరచెయ్యి ఆనించి మెల్లగా తొయ్యడం నేర్పండి, కుదుపు రాదు. కూర్చునే ముందు, లేచే ముందు పవర్ ఆఫ్. ఆన్‌లో ఉండగా లేవబోతే మోచెయ్యి జాయ్‌స్టిక్‌కి తగిలి కుర్చీ కదులుతది, మనిషి పడిపోతరు. అందుకే ఈ ఒక్కటీ అలవాటు అయ్యేదాకా పక్కనుండి గుర్తు చేయండి.

చీర కొంగు, చున్నీ, శాలువా ఏదైనా సరే ఒళ్లోకి తీసుకొని బెల్ట్ కింద దోపాలి. చక్రం దగ్గర వేలాడుతుంటే చుట్టుకుంటది.

బ్యాటరీ

చాలా వాటిల్లో 24 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటది, 6, 10, 12 లేదా 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత చార్జింగ్ పడతదో చెప్పే లెక్క). కంపెనీ చెప్పే కిలోమీటర్లు చదునైన నేల మీద లెక్క, మన దగ్గర ఎత్తుపల్లాలు, స్పీడ్ బ్రేకర్లు, మనిషి బరువు అన్నీ కలిపితే అందులో సగం, కొంచెం ఎక్కువ అనుకొని ప్లాన్ చేసుకోండి.

చార్జర్ మీద అవుట్‌పుట్ చూడండి, 24 వోల్టుల లిథియం బ్యాటరీకి వచ్చే చార్జర్ మీద ఎక్కువగా 29.4 వోల్టులు అని ఉంటది. ఇంట్లో పడున్న ఇన్వర్టర్ చార్జరో, ఈ-స్కూటర్ చార్జరో పిన్ను సరిపోయింది కదా అని పెట్టొద్దు. 10 ఏహెచ్ బ్యాటరీకి 2 ఆంపియర్ల చార్జర్ అయితే 5 గంటలు పడతది. సాయంత్రం మనుషులు మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకోండి, రాత్రి మంచం పక్కన, గుమ్మం దగ్గర పెట్టి పడుకోవద్దు. లిథియం బ్యాటరీ అంటుకుందంటే బయటికి పోయే దారిలో అది ఉండకూడదు.

ఏప్రిల్, మే ఎండల్లో రెండు జాగ్రత్తలు. ఎండలో పార్క్ చేసిన కార్లో బ్యాటరీ వదిలేయొద్దు, తీసి చేత్తో తెచ్చుకోండి, రెండు మూడు కేజీలే. బయట నుంచి రాగానే చార్జింగ్ పెట్టొద్దు, చల్లబడే దాకా ఓ అరగంట ఆగండి. నెలా రెండు నెలలు వాడకుండా ఉంచాల్సొస్తే సగం చార్జింగ్‌తో ఉంచి నెలకోసారి చూసి కొంచెం ఎక్కించండి, పూర్తిగా దిగిపోయి అట్లనే ఉంటే బ్యాటరీ పాడైపోతది.

మన రోడ్ల మీద

ఫుట్‌పాత్ గురించి ఏం చెప్పను. ఎక్కడం కుదిరినా పది అడుగులకి ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పానీపూరి బండి, చివర దిగడానికి వాలు ఉండదు. కాబట్టి చాలాసార్లు రోడ్డు అంచునే పోవాలి. కుర్చీ వెనక రేడియం టేప్ అతికించండి, సాయంత్రం అయితే వెనక ఒక ఎర్ర లైట్ పెట్టండి, సైకిల్‌కి పెట్టేది సరిపోతది. కారు డ్రైవర్ కంటికి కుర్చీలో మనిషి కిందికి ఉంటరు, బండి రివర్స్ తీసేటప్పుడు అస్సలు కనపడరు, కాబట్టి ఆగున్న కార్ల వెనక నుంచి పోవద్దు.

కాలనీ స్పీడ్ బ్రేకర్లు మనోళ్లు మరీ ఎత్తుగా పోస్తరు. ఐమూలగా ఎక్కొద్దు, నేరుగా ఎక్కాలి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి తగలాలి. ఫుట్‌రెస్ట్ గీసుకుంటుందంటే రివర్స్‌లో ఎక్కి చూడండి, వెనక చక్రాలు పెద్దవి కాబట్టి తేలిగ్గా ఎక్కుతయి, దానికి వెనక ఒక మనిషి ఉండాలి. మ్యాన్‌హోల్ మూతల పక్క సందులు, నాలా మీద జాలీలు చూసుకోండి, ముందు చిన్న చక్రం అందులో ఇరుక్కుంటది.

ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకి వంగాలి, దిగేటప్పుడు వెనక్కి ఆనుకొని స్పీడ్ ఒకటిలో దిగాలి. ఏటవాలు మీద అడ్డంగా తిప్పొద్దు. వీపు వెనక హ్యాండిల్‌కి కూరగాయల సంచులు తగిలించొద్దు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువుకి కుర్చీ వెనక్కి ఒరుగుతది, వెనక ఉండే చిన్న సపోర్ట్ చక్రాలు అందుకే ఇచ్చిన్రు, అడ్డమొస్తున్నయని వాటిని విప్పేయకండి. సంచి సీటు కింద పెట్టుకోండి.

అమ్మకి బాగా ఇష్టం నెక్లెస్ రోడ్. పొద్దున్నే పోతే చదునుగా, ఖాళీగా ఉంటది, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆదివారం పొద్దున అక్కడ గంట సేపు తిప్పితే చెయ్యి కుదురుతది. చార్మినార్ చుట్టుపక్కల బండ్లు రాకుండా చేసిన భాగంలో రాళ్ల నేల కొంచెం కుదుపుతది, జనం ఎక్కువ, అయినా పోవచ్చు. బిర్లా మందిర్‌ది కొండ, దానికి ముందే అడిగి తెలుసుకొని పోవాలి, కుర్చీ మోటార్‌ని నమ్ముకొని పోయే చోటు కాదది.

వానల్లో జాయ్‌స్టిక్ మీద పాలిథిన్ కవర్ కట్టండి, మెడికల్ షాపులో ఇచ్చే పల్చటి కవర్ అయినా చాలు, లోపలికి చెయ్యి పెట్టి నడపొచ్చు. జాయ్‌స్టిక్ లోపలికి నీళ్లు పోతే కుర్చీ దానంతట అదే కదలొచ్చు. నీళ్లు నిలిచిన రోడ్డులోకి దింపొద్దు, లోతు తెలియదు, మోటార్లు వెనక చక్రాల్లోనే ఉంటయి. తడిస్తే పవర్ ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, బట్టతో తుడిచి, పూర్తిగా ఆరినాకే ఆన్ చేయాలి.

మడవడం, ఎత్తడం

మోడల్ బట్టి మడత వేరే ఉంటది, ఎక్కువగా దొరికేది వీపు ముందుకి వాలి సూట్‌కేస్ లాగా ముడుచుకునేది. దానికి వరస ఇది. ముందు మనిషిని దింపి బండి సీట్లోనో ఇంకో కుర్చీలోనో భద్రంగా కూర్చోబెట్టండి, మనిషి నిలబడి ఉండగా మడత మొదలుపెట్టొద్దు. పవర్ ఆఫ్. బ్యాటరీ తీయండి, దాంతో ఎత్తే బరువు తగ్గుతది. దిండు, సీటు కింది సంచి తీయండి. ఫుట్‌రెస్ట్ పైకి మడవండి. జాయ్‌స్టిక్ ఉన్న ఆర్మ్‌రెస్ట్‌ని లోపలి వైపుకి తిప్పండి, వైరు ఎక్కడా లాగినట్టు లేకుండా చూసుకోండి. అప్పుడు వీపు వెనక ఉండే లాక్ లాగి, వీపు పట్టుకొని ముందుకి వాల్చండి, టక్ మని శబ్దం వచ్చేదాకా.

వాల్చేటప్పుడు వేళ్లు ఎక్కడ ఉన్నయో చూసుకోవాలి, సీటు కింద రెండు పైపులు కత్తెర లాగా దగ్గరికొస్తయి, అక్కడ వేలు పడితే నలిగిపోతది. సాయం చేస్తా అని వచ్చినవాళ్లకి ముందు అదే చెప్పండి.

ఎత్తేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలనేది మొత్తంలో ముఖ్యమైన సంగతి. చూడగానే అందరి చెయ్యీ ఆర్మ్‌రెస్ట్ మీదికి పోతది, ఎందుకంటే అది హ్యాండిల్ లాగా కనపడతది. కానీ అది పైకి లేచేటట్టు చేసిన భాగం, పట్టుకొని ఎత్తితే పైకి లేచి కుర్చీ చేతిలోంచి జారుతది, జాయ్‌స్టిక్ వైరు తెగుతది. ఫుట్‌రెస్ట్ కూడా అంతే. పట్టుకోవాల్సింది సీటు కింద అటూ ఇటూ పోయే మెయిన్ పైపుని. మేము ఆ పైపు మీద నాలుగు చోట్ల ఆకుపచ్చ ఇన్సులేషన్ టేప్ చుట్టినం, అమ్మ "ఆకుపచ్చ దగ్గర పట్టుకోండి" అంటది, భాష రాని వాళ్లకి కూడా చూపిస్తే అర్థమైపోతది. ఇద్దరుంటే చెరో పక్క నిలబడి, మోకాళ్లు వంచి, ఒకేసారి లేపాలి. ఒక్కరే అయితే మొదట వెనక చక్రాల్ని డిక్కీ అంచుకి ఆనించి, తర్వాత కింది భాగం లేపి లోపలికి తొయ్యండి, మొత్తం బరువు ఒకేసారి నడుము మీద పడదు. డిక్కీ అంచుకి పాత దుప్పటి వేస్తే పెయింట్ పోదు, సొంత కారు కాకపోతే ఇది మర్యాద కూడా.

ఇంట్లో ఇదంతా అలవాటు అయ్యేదాకా చేసి చూడండి, మీరొకసారి, కూర్చునే మనిషి నోటితో చెప్తుంటే పక్కింటి అబ్బాయి ఒకసారి. కొత్త మనిషి చేతిలో, కేవలం మాటలతో పని అయిందంటే బయటికి పోవచ్చు.

కారు, క్యాబ్, ఆటో

హైదరాబాద్ క్యాబుల్లో అసలు సమస్య సీఎన్‌జీ. చిన్న కార్లు, సెడాన్లు చాలావాటికి డిక్కీలో సిలిండర్ ఉంటది, అక్కడ కుర్చీ కాదు కదా సూట్‌కేస్ పట్టడమే కష్టం. బుక్ చేసినాక డ్రైవర్‌కి వెంటనే ఫోన్ చేసి "భయ్యా, డిక్కీలో సిలిండర్ ఉందా? మడిచే వీల్‌చెయిర్ ఉంది, పాతిక కేజీలు, నేనే పెట్టుకుంటా" అని ఈ మూడు ముక్కలూ చెప్పండి. ఎక్కువ మంది డ్రైవర్లు ముందే తెలిస్తే బాగానే ఉంటరు, బండి దిగినాక ఒక్కసారిగా కుర్చీని చూసినప్పుడే విసుక్కుంటరు. అవకాశం ఉంటే పెద్ద బండి, ఎర్టిగా లాంటిది బుక్ చేసుకోండి, వెనక వరస సీట్లు మడిస్తే సుఖంగా పడతది. డిక్కీలో పట్టకపోతే వెనక సీటు మీద పెట్టొచ్చు, సీట్ బెల్ట్ దాని పైపుల్లోంచి తిప్పి పెట్టాలి, సడన్ బ్రేక్ పడితే పాతిక కేజీల ఇనుము ముందున్నవాళ్ల మీదికి వస్తది.

కుర్చీ కదలకుండా ఉండడానికి బైకు మీద లగేజీకి వాడే కొక్కేల రబ్బరు తాడు ఒకటి ఎప్పుడూ కుర్చీ సంచిలో ఉంచండి. మడత విప్పుకోకుండా కూడా దాన్నే చుట్టొచ్చు. డిక్కీలో జాయ్‌స్టిక్ పై వైపుకి ఉండాలి, దాని మీద ఇంకే లగేజీ పెట్టొద్దు.

ఎక్కేటప్పుడు వరస గుర్తుంచుకోండి: ముందు మనిషి, తర్వాత కుర్చీ. దిగేటప్పుడు తిరగేసి: ముందు కుర్చీ దింపి, విప్పి, బ్యాటరీ పెట్టి, పవర్ ఆఫ్‌లోనే డోర్ పక్కకి తెచ్చినాకే మనిషి. దీనికి నాలుగైదు నిమిషాలు పడతది, వెనక హారన్లు మోగుతయి, మోగనివ్వండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే ఆ టైం కలుపుకొని బయల్దేరండి, తొందరలోనే వేళ్లు నలుగుతయి.

ఆటోలో దగ్గరి దూరాలకే. మనిషి ఒక పక్క, కుర్చీ ఇంకో పక్క సీటు మీద నిలబెట్టి, మీరు దాన్ని పట్టుకొని కూర్చోవాలి. అటూ ఇటూ తెరిచి ఉండే బండి కాబట్టి రబ్బరు తాడు తప్పనిసరి.

మెట్రో, ట్రైన్

ఈ సిటీలో ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్‌కి అన్నిటికంటే బాగా కుదిరేది మెట్రో, మడవాల్సిన పనే లేదు. 2017 నవంబర్‌లో మొదలైనప్పటి నుంచి స్టేషన్లలో లిఫ్టులు ఉన్నయి, రోడ్డు నుంచి టికెట్ల అంతస్తుకి ఒకటి, అక్కడి నుంచి ప్లాట్‌ఫామ్‌కి ఇంకోటి. చూసుకోవాల్సిందల్లా కింద లిఫ్ట్ రోడ్డుకి ఏ పక్క ఉంది, దాని ముందు ఫుట్‌పాత్ ఎక్కడానికి వాలు ఉందా, బైకులు అడ్డం పెట్టిన్రా అనేది. మొదటిసారి పోయే స్టేషన్ అయితే మీరు ఒక్కరే ముందు పోయి చూసి రండి.

సెక్యూరిటీ దగ్గర చేతి మెషీన్‌తో చెక్ చేస్తరు, వెడల్పు గేట్ ఉంటది, దాంట్లోంచి పంపిస్తరు. ప్లాట్‌ఫామ్ మీద ట్రైన్ వచ్చేదాకా పవర్ ఆఫ్. ఎక్కేటప్పుడు నేరుగా, 90 డిగ్రీల్లో ఎక్కాలి, ప్లాట్‌ఫామ్‌కి ట్రైన్‌కి మధ్య సందులో ముందు చక్రం అడ్డం తిరిగితే ఇరుక్కుంటది. లోపల వీల్‌చెయిర్ గుర్తున్న చోట ఆపి మళ్లీ పవర్ ఆఫ్, రద్దీలో ఎవరి బ్యాగో జాయ్‌స్టిక్‌కి తగిలితే కుర్చీ జనం మీదికి పోతది. అమీర్‌పేట్‌లో లైన్ మారాలంటే లిఫ్ట్ కోసం ఆగాల్సొస్తది, ఆఫీసుల టైంలో ఆ లిఫ్ట్ ముందు నడవగలిగే వాళ్ల లైన్ కూడా ఉంటది. మొహమాటం లేకుండా "కొంచెం దారి ఇవ్వండమ్మా" అని అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఈ సౌకర్యాలని హక్కు కిందనే పెట్టింది, బతిమాలుకోవాల్సిన పని లేదు.

రైలు కష్టం. సికింద్రాబాద్, కాచిగూడ లాంటి స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ దాకా లిఫ్టులతో పోవచ్చు, బోగీ మెట్లే సమస్య, మనిషిని ఇద్దరు పట్టుకొని ఎక్కించాలి, కుర్చీని ఇంకొకరు. మడిచిన కుర్చీ బెర్త్ కింద పట్టదనే అనుకొని వెళ్లండి. రైలు మొదలయ్యే స్టేషన్ నుంచి ఎక్కండి, అక్కడైతే బండి ముందే వచ్చి ఆగి ఉంటది, రెండు నిమిషాల్లో ఈ సర్దుడంతా అయ్యేది కాదు.

విమానం

ఇక్కడ అన్నీ బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటయి, టికెట్ కొనకముందే బ్యాటరీ తిప్పి స్టిక్కర్ చదవండి. చూడాల్సింది వాట్ అవర్, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత కరెంట్ శక్తి పడతదో చెప్పే లెక్క, స్టిక్కర్ మీద డబ్ల్యూహెచ్ అని ఉంటది. లేకపోతే వోల్టుల్ని ఏహెచ్‌తో గుణించండి. 24 వోల్టులు 10 ఏహెచ్ అయితే 240, 12 ఏహెచ్ అయితే 288, 20 ఏహెచ్ అయితే 480.

విడిగా తీయగలిగే లిథియం బ్యాటరీకి అంతర్జాతీయ విమాన రూల్ ఇది: బ్యాటరీ తీసి మనతోనే క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి, ఒక్క బ్యాటరీ అయితే 300 వాట్ అవర్ దాటకూడదు, కుర్చీకి రెండు ఉంటే ఒక్కోటి 160 దాటకూడదు. స్పేర్ ఒకటి తీసుకెళ్లొచ్చు, అదీ 300 లోపే, లేదా 160 లోపువి రెండు. ఇక్కడో చిక్కు ఉంది. కొన్ని బ్యాటరీల మీద 24 అని కాకుండా 25.2 వోల్టులు అని రాస్తరు, అప్పుడు 12 ఏహెచ్‌ది 302 దాటతది. కౌంటర్‌లో స్టిక్కర్ మీద ఏముంటే అదే లెక్క. 6 ఏహెచ్‌వి రెండు పెట్టే మోడల్స్‌కి ఒక్కోటి 144 వస్తది, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకి అవే హాయి. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే అమ్మినవాళ్ల దగ్గర కంపెనీ కాగితం తీసుకొని పెట్టుకోండి.

టికెట్ కొనగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, కనీసం 48 గంటల ముందు చెప్పండి. కుర్చీ బరువు, మడిచినాక కొలతలు, బ్యాటరీ లిథియం అని, ఎన్ని వాట్ అవర్లని చెప్పి, బుకింగ్‌లో ఎక్కించమనండి. వాళ్ల భాషలో లిథియం కుర్చీకి డబ్ల్యూసీఎల్‌బీ అంటరు. మనిషికి సాయం కోడ్లు మూడు: మెట్లు ఎక్కగలిగి దూరం నడవలేని వాళ్లకి డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు ఎక్కలేని వాళ్లకి డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా కూడా నడవలేని వాళ్లకి డబ్ల్యూసీహెచ్‌సీ. సరైనది చెప్పకపోతే విమానం నిచ్చెన మెట్ల ముందు ఆగిపోతరు. ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకొని ప్రింట్ తీసి పెట్టుకోండి.

శంషాబాద్‌కి మామూలుగా పోయే టైం కంటే ఓ గంట ముందు పోండి. కుర్చీని చెక్‌ఇన్ దగ్గరే ఇచ్చేయమంటరు, విమానం డోర్ దాకా తీసుకెళ్తామని అడిగి చూడండి, కుదిరితే అదే మంచిది, దిండు తనదే ఉంటది, నడుము నొప్పి రాదు. ఇచ్చేటప్పుడు బ్యాటరీ తీసి, దాని కరెంట్ పిన్నుల మీద ఇన్సులేషన్ టేప్ వేసి, విడి సంచిలో పెట్టి చేతిలో ఉంచుకోండి. సెక్యూరిటీలో సంచి తీసి చూపించమంటరు, మెయిల్ ప్రింట్, స్టిక్కర్ రెండూ చూపిస్తే సరిపోతది. జాయ్‌స్టిక్ ప్లగ్ లాగి తీసేసే మోడల్ అయితే అదీ, దిండూ చేత్తో తీసుకెళ్లండి, లేకపోతే బబుల్ కవర్ చుట్టి టేప్ వేయండి. మడత విప్పుకోకుండా తాడు కట్టి, "ఇక్కడ పట్టుకోండి" అని ఇంగ్లీషులో, హిందీలో కాగితం ఆకుపచ్చ టేపు దగ్గర అతికించండి. ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి, జాయ్‌స్టిక్‌ది దగ్గరగా.

దిగినాక కుర్చీ చేతికి రాగానే అక్కడే విప్పి, బ్యాటరీ పెట్టి, ఆన్ చేసి, రెండు గజాలు ముందుకీ వెనక్కీ నడిపి చూడండి. మీటలు సరైన వైపు ఉన్నయా, ఫుట్‌రెస్ట్ వంగిందా, వైర్లు బయటికొచ్చినయా చూడండి. ఏదైనా తేడా ఉంటే బయటికి రాకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో రాసిచ్చి, ఆ కాగితం కాపీ తీసుకోండి, ఇంటికెళ్లి ఫోన్ చేద్దాం అనుకోవద్దు. బాగానే ఉంటే కూర్చునే ముందు పవర్ ఆఫ్ చేయండి.